మైకు పెట్టే ముందు

రెండు సంచికల క్రితం ఈ పేజీలో తుపాను రోజున టీవీ చానళ్ల తీరు గురించి నాలుగు ముక్కలు రాశాను. బురదలో కూర్చుని ఏడుస్తున్న మనిషి మొహాన్ని జూమ్ చేసి, వెనక విషాద సంగీతం పెట్టి, పొద్దున్నుంచి రాత్రి దాకా అదే తిప్పితే అది వార్త ఎలా అవుతుందని అడిగాను. తర్వాత వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు చూస్తే నాతో సరేనన్నవాళ్ల కంటే పోట్లాటకి దిగినవాళ్లే ఎక్కువ. మంచిదే. ఈసారి పేజీ మొత్తం వాళ్లదే. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

*ప్రశ్న: అమ్మా, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మేం సింగ్‌నగర్‌లో ఉన్నాం. కింది వాటా మునిగిపోయి అత్తగారు, పిల్లలతో సహా అందరం డాబా మీదికి చేరాం. నేను నైటీలో, జుట్టు విరబోసుకుని మంచినీళ్ల కోసం అరుస్తుంటే పడవలో వచ్చిన ఒక చానల్ కుర్రాడు వీడియో తీశాడు. అది ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉంది. థంబ్‌నెయిల్ మీద నా మొహమే. ‘మీ అమ్మ ఫేమస్’ అని కాలేజీలో మా అమ్మాయిని ఆట పట్టిస్తున్నారు. ఎలా తీయించాలి? — ఒక గృహిణి, విజయవాడ*

ముందు పని చెప్తాను, నా అభిప్రాయం తర్వాత.

వీడియో లింకు, అప్‌లోడ్ చేసిన తేదీ, మీరు కనిపించేది ఎన్నో నిమిషం ఎన్నో సెకను, థంబ్‌నెయిల్ స్క్రీన్‌షాట్ ఒకచోట పెట్టుకోండి. చానల్ వెబ్‌సైట్‌లో అట్టడుగున గ్రీవెన్స్ ఆఫీసర్ అని ఒక పేరు, మెయిల్ ఐడీ ఉంటాయి. ఆయనకి రాయండి. కేబుల్ టీవీ రూల్స్‌కి 2021లో చేసిన సవరణ ప్రకారం ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ చానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకి వెళ్లొచ్చు. అక్కడా కాకపోతే కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఉంది. చాలామంది టీవీ మీద కోపంతో ప్రెస్ కౌన్సిల్‌కి రాసి నెలల తరబడి ఎదురుచూస్తుంటారు. ప్రెస్ కౌన్సిల్‌ది పత్రికలు, వార్తా సంస్థల వరకే, టీవీ దాని పరిధిలోకి రాదు. యూట్యూబ్‌లో ప్రైవసీ ఫిర్యాదు విడిగా చేసుకోవచ్చు. కాకపోతే ఇది వార్త కదా అని వాళ్లు పక్కన పెట్టొచ్చు. అందుకే ముందు చానల్‌నే పట్టుకోండి.

ఉత్తరంలో వరద కథంతా రాయొద్దు. ‘ఈ వీడియోలో ఫలానా నిమిషం దగ్గర కనిపించేది నేనే. నన్ను అడిగి తీయలేదు. వీడియో తీసేయండి, లేదా నా మొహం కనపడకుండా బ్లర్ చేయండి. ఈలోగా థంబ్‌నెయిల్ ఇవాళే మార్చండి.’ అంతే. థంబ్‌నెయిల్ మార్చడం వాళ్లకి రెండు నిమిషాల పని, పైగా నష్టమేమీ లేదు, కాబట్టి ముందు అది చేస్తారు. మిగతా దానికి మళ్లీ రాయండి. విసిగించడానికి మొహమాటపడకండి.

ఇక నా మాట. ఆ రోజు ఆ కుర్రాడు తీయడం తప్పని నేను అనను. డాబాల మీద మనుషులున్నారు, గుక్కెడు నీళ్లు అందడం లేదని ఊరందరికీ తెలియాల్సిన రోజది. పడవలు సందుల్లోకి పోలేక, చివరికి డ్రోన్లతో తిండి పొట్లాలు దించిన వరద అది. మీ అరుపుకి ఆ రోజు పని ఉంది. ఆ పని అయిపోయింది. బుడమేరు గండ్లు పూడ్చారు, నీళ్లు పోయాయి, మీరు గోడలకి మళ్లీ రంగులు వేయించుకుని ఉంటారు. మందు సీసా మీద ఉన్నట్టు ఇలాంటి దృశ్యం మీద కూడా గడువు తేదీ ఉండాలి. గడువు దాటాక కూడా దాన్ని అరలో ఉంచి అమ్ముతున్నది పడవలో వచ్చిన కుర్రాడు కాదు, ఆఫీసులో కూర్చుని ఏ మొహం పెడితే ఎక్కువమంది నొక్కుతారో చూసుకునేవాళ్లు. మీ కోపం అటు తిప్పండి.

మీ అమ్మాయికి నా మాటగా చెప్పండి. ఇంకోసారి ఎవరైనా ఫేమస్ అంటే ‘అవును, మా వీధికి నీళ్లు తెప్పించింది’ అనమనండి.

*ప్రశ్న: మేడమ్, నేను భద్రాచలం దగ్గర స్ట్రింగర్‌ని. గోదావరి పెరిగినప్పుడల్లా లైవ్ ఇవ్వాలి. ‘ఏడుపు షాట్ ఉందా?’ అని డెస్క్ నుంచి ఫోన్ వస్తుంది. లేదంటే ‘పక్క చానల్‌లో వచ్చిందిగా’ అంటారు. మాకు జీతాలు లేవు, స్టోరీకి ఇంత అని లెక్క. ఏసీ గదిలో కూర్చుని నీతులు చెప్పడం తేలికే. — ఒక విలేకరి*

తమ్ముడూ, ఏసీ మాట నిజమే. ఇప్పుడుంది. 1996లో లేదు.

ఆ ఏడాది నవంబరు 6న కోనసీమ మీద తుపాను విరుచుకుపడింది. మా ఎడిషన్‌లో ఆడవాళ్లని ఫీల్డుకి పంపే అలవాటు లేదు. మనుషులు చాలక నన్ను పంపారు, తోడుగా మా ఫొటోగ్రాఫర్. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అనేది. దారి పొడవునా కొబ్బరిచెట్లు రోడ్డుకి అడ్డంగా పడి ఉన్నాయి. జీపు కొంత, నడక కొంత. బైరవపాలెం వైపు ఊళ్లలో వేటకెళ్లిన మగవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. ఒక ఊళ్లో పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఏడ్చి ఏడ్చి గొంతులు పోయాయి. నేను నోట్‌బుక్ తీసి నిలబడ్డాను, ఏం అడగాలో తోచలేదు.

బాబాయ్ కెమెరా సంచిలోంచి తీయలేదు. వెళ్లి వాళ్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. డ్రైవర్‌ని కేకేసి జీపులోంచి మంచినీళ్ల క్యాను తెప్పించాడు. అందరూ తాగాక ‘మీవాళ్లు ఎక్కింది ఎవరి బోటమ్మా?’ అన్నాడు. ఒకామె ఓనరు పేరు చెప్పింది. పక్కనామె ఆ బోటులో ఎంతమంది ఎక్కారో చెప్పింది. ఇంకొకామె ‘కాదు, మా మరిది ఆఖర్న దిగిపోయాడు’ అని సరిదిద్దింది. నేను రాసుకోవడం మొదలుపెట్టాను. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, బోటు ఓనరు. చాలాసేపటికి ఒక పెద్దావిడ తనంతట తనే లేచి, ‘మావాడి ఫొటో ఉంది, పేపర్లో ఏత్తారా?’ అని ఇంట్లోంచి పెళ్లి ఫొటో తెచ్చింది. తడిసి, అద్దానికి అంటుకుపోయింది. లాగితే చిరుగుతుంది. బాబాయ్ అద్దంతో సహా దాన్ని గోడకి ఆనించి, వెలుతురు అద్దం మీద మెరవకుండా తన చొక్కా విప్పి అడ్డం పట్టించి, కాపీ తీశాడు. ఆ ఊళ్లో ఆయన తీసిన మొదటి ఫొటో అదే.

మర్నాడు మా జిల్లా పేజీలో ఆ పేర్లన్నీ వచ్చాయి. ఏడుపు ఫొటో ఒక్కటీ లేదు. తర్వాత మేం తిరిగిన ఊళ్లలో జనం పేపరు చేత్తో పట్టుకుని వచ్చి ‘మావాడిది ఇందులో రాలేదు, రాసుకోండి’ అన్నారు. మండల రెవెన్యూ ఆఫీసులో కూడా ఆ పేజీ బల్ల మీద ఉంది.

ఇది పాతకాలపు గొప్పలు చెప్పుకోవడానికి కాదు. ‘మీకెలా అనిపిస్తోంది?’ అన్న ప్రశ్నకి, ‘ఎవరి బోటు?’ అన్న ప్రశ్నకి ఎంత తేడా ఉందో నాకు ఆ రోజు తెలిసింది. మొదటి ప్రశ్నకి జవాబు ఏడుపే. అడిగేవాడికీ ఆ సంగతి తెలుసు, అందుకే అడుగుతాడు. రెండోదానికి జవాబు ఆ మనిషికి మాత్రమే తెలిసిన సమాచారం. అది అడిగినప్పుడు ఆమె మన షాట్‌లో బొమ్మ కాదు, మనకి వార్త ఇస్తున్న మనిషి.

మొదటి ప్రశ్న మనకి ఎంత చెడ్డపేరు తెచ్చిందో నేపాల్‌ని అడిగితే చెప్తారు. 2015 ఏప్రిల్ 25న అక్కడ 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. మన సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్ గంటల్లో అక్కడికి చేరాయి, మన చానళ్లు కూడా. పది రోజులు తిరక్కుండానే ట్విటర్‌లో ‘గో హోమ్ ఇండియన్ మీడియా’ అని హ్యాష్‌ట్యాగ్ మోగిపోయింది. సొంతవాళ్లు శిథిలాల కింద ఉన్నవాళ్ల నోటి ముందు మైకు పెట్టి ఎలా ఉందని అడిగారని, సహాయ హెలికాప్టర్లలో సీట్లు ఆక్రమించారని, వాళ్ల కష్టాన్ని మన గొప్పల ప్రచారం చేశారని నేపాలీల ఫిర్యాదు. సాయం చేసి తిట్లు తినడం అంటే ఇదే. దానికి రెండేళ్ల ముందు ఉత్తరాఖండ్ వరదల్లో ఒక హిందీ చానల్ రిపోర్టరు ఏకంగా నీళ్ల మధ్యలో బాధితుడి భుజాల మీదెక్కి కూర్చుని వార్త చెప్పాడు. ఆ వీడియో బయటికొచ్చాక ఉద్యోగం పోయింది. (అదే వరదల్లో మన యాత్రికులని ఎవరు విమానం ఎక్కించాలన్న దాని మీద డెహ్రాడూన్ విమానాశ్రయంలో మన నాయకులు తోసుకున్నారు. చానళ్లకి ఆ తోపులాట దొరికాక యాత్రికులు వెనక్కి పోయారు. రాజకీయ నాయకులని తిట్టేటప్పుడు కెమెరా ఎటు తిరిగిందో కూడా చూడాలి.)

ఇక నీ డెస్క్ సంగతి. ‘ఏడుపు షాట్ ఉందా?’ అంటే ‘లేదు’ అనకు, ‘అంతకంటే గట్టిది ఉంది’ అను. నీ దగ్గర నిజంగానే ఉంటుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని హైదరాబాదులో యాంకర్ చదువుతుంది. 53 దాటితే ఏ కాలనీలోకి ముందు నీళ్లొస్తాయో, ఏ రోడ్డు తెగుతుందో, కూనవరం దగ్గర శబరి నది ఎదురుతంతే ఏ ఊళ్లు నీళ్ల మధ్య చిక్కుకుపోతాయో ఆమెకి తెలియదు. నీకు తెలుసు. 2022 జులైలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు జనానికి కావలసింది ఆ సమాచారమే. పునరావాస కేంద్రానికి వెళ్లినప్పుడు మరుగుదొడ్లు ఎన్ని, అందులో తలుపున్నవి ఎన్ని, లెక్కపెట్టు. బాలింతలు ఎవరైనా ఉన్నారేమో అడుగు. షుగరు మాత్రలు వరదలో కొట్టుకుపోయినవాళ్లకి ఎవరిస్తున్నారో అడుగు. ఎవరైనా వాళ్లంతట వాళ్లు మాట్లాడతామంటే కెమెరా తియ్యి, మాట్లాడుతూ ఏడిస్తే ఆ ఏడుపు కూడా రానివ్వు. తప్పులేదు. ఆగిపోతే మాత్రం నువ్వూ ఆపు.

స్టోరీకి ఇంత అని తూకం వేసి ఇచ్చే పద్ధతి ఉన్నంతకాలం నీలాంటివాడి మీద భారం ఎక్కువే ఉంటుంది. ఆ విషయంలో నీ కోపం నాకు అర్థమైంది. అందులో నీతి చెప్పించుకోవలసింది నువ్వు కాదు.

*ప్రశ్న: 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. మాది నాగాయలంక వైపు. శవాల ఫొటోలు పేపర్లలో రాకపోతే దివిసీమ కోసం దేశం కదిలేదా? ఇప్పుడు చూపించొద్దంటే ప్రభుత్వాలకి హాయి కదా! — రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అవనిగడ్డ*

మాస్టారూ, మీతో నాకు పేచీ లేదు. సర్కారు లెక్కల్లోనే పది వేల దాకా ప్రాణాలు పోయిన ఉప్పెన అది. రోడ్లు లేవు, ఫోన్లు లేవు, ఏం జరిగిందో బెజవాడకే సరిగ్గా తెలియని పరిస్థితి. అప్పుడు ఫొటోయే సాక్ష్యం. చావుల లెక్క తగ్గించి చెప్దామని ఎవరికైనా బుద్ధి పుట్టినా ఫొటో ఒప్పుకోదు. చూపించొద్దని నేను రాయలేదు. రోజంతా తిప్పొద్దన్నాను.

ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో కూడా మీ మాట, నా మాట పక్కపక్కనే ఉన్నాయి. దుఃఖంలో ఉన్న మనిషి దగ్గరికి కెమెరాతో చొరబడకూడదని ఒక వాక్యం. అయితే ప్రమాదాల్లో, ప్రకృతి విపత్తుల్లో బాధితుల ఫొటోలు ప్రజాప్రయోజనం కోసం అవసరపడొచ్చని దాని వెనకే ఇంకో వాక్యం. ఎక్కడ ఏది వర్తిస్తుందో తేల్చుకోవడానికి నాకు ఉపయోగపడేది ఒక పాత ఫొటో.

1985 నవంబరు 13 రాత్రి కొలంబియాలో నెవాడో దెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలింది. కొండ మీది మంచు కరిగి, బురద ఏరై వచ్చి ఆర్మేరో అనే పట్టణాన్ని కప్పేసింది. 20 వేల మందికి పైగా పోయారు. ఓమైరా సాంచెజ్ అనే 13 ఏళ్ల పిల్ల తన ఇంటి శిథిలాల్లో కాళ్లు ఇరుక్కుని, పీకల్లోతు నీళ్లలో దాదాపు మూడు రోజులు బతికి, అక్కడే చనిపోయింది. నీళ్లు తోడే పంపు సమయానికి అందలేదు. ఫ్రాంక్ ఫోర్నియే అనే ఫొటోగ్రాఫర్ ఆఖరి గంటల్లో ఆ పిల్ల ఫొటో తీశాడు. దానికి వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది. పిల్ల చచ్చిపోతుంటే ఫొటో తీస్తూ కూర్చున్నాడని తిట్లూ వచ్చాయి. నేను ఆ ఫొటో పక్షం. ఎందుకంటే ఏ ప్రాంతానికి ముప్పుందో శాస్త్రవేత్తలు అంతకుముందే మ్యాపు గీసి ఇచ్చారు. అయినా ఊరు ఖాళీ చేయించలేదు. ఆ పిల్ల మనవైపు చూస్తుంటే ఆ ప్రశ్నని తప్పించుకోవడం ఎవరివల్లా కాదు. ఆ ఫొటో నిలదీసింది ప్రభుత్వాన్ని. డాబా మీద నైటీలో ఉన్న ఆమె థంబ్‌నెయిల్ ఎవరిని నిలదీస్తోంది? పైన ఉత్తరం రాసిన ఆమె కూతురిని.

మీ రోజులకీ ఇప్పటికీ ఇంకో తేడా ఉంది. అప్పట్లో ఫొటో అచ్చయ్యేసరికి ఇంటికి కబురు ఎలాగో చేరేది. ఇప్పుడు కువైట్‌లో పని చేసుకుంటున్న కొడుకు ముందు ఫోన్‌లో తండ్రి శవాన్ని చూస్తున్నాడు, కబురు తర్వాత వస్తోంది. చెప్పాల్సినవాళ్లకి చెప్పేదాకా మొహం కనిపించకూడదు. ఈ ఒక్కదానిలో నేను రాజీ పడను. మొహాలు లేకుండానే చెప్పొచ్చు కూడా. 2024 జులై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగి ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయాక, గుర్తుపట్టలేని శరీరాలని, శరీర భాగాలని పుత్తుమలలో నంబర్లు వేసి పూడ్చారు. డీఎన్ఏ పరీక్షలో ఎవరో తేలితే అప్పుడు పేరు. ఆ నంబర్ల వరసల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఒక్క శవం కనపడదు, జరిగిందేమిటో దాచిందీ లేదు.

*ప్రశ్న: మా స్వచ్ఛంద బృందం చూసుకుంటున్న ఒక పాపకి వరదలో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పాపతో మాట్లాడిస్తే విరాళాలు వస్తాయని ఒక యూట్యూబ్ చానల్ వాళ్లు అడుగుతున్నారు. మేనమామ సరేనంటున్నాడు. ఒప్పుకోమంటారా? — ఒక కార్యకర్త*

వద్దు. ఇది నా అభిప్రాయం కాదు, చట్టం. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల్లో ప్రకృతి విపత్తుల బాధితులు కూడా ఉన్నారు. అలాంటి పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో, గుర్తుపట్టే వీలిచ్చే వివరం ఏదీ ఏ మీడియాలోనూ రాకూడదని 74వ సెక్షన్ చెప్తుంది. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పాప మేలు కోసమే అవసరమని బాలల సంక్షేమ కమిటీ రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప మినహాయింపు లేదు. మేనమామ సరేననడం సరిపోదు.

జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ఎక్కడుందో తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి. డబ్బు పాప పేరున, కమిటీకి తెలిసేలా ఖాతాలో పడాలి. ఆ చానల్ వాళ్లకి నిజంగా సాయం చేయాలనుంటే పాప మొహం లేకుండా, ఊరి పేరు లేకుండా, ఏ తరగతి చదువుతోందో, ఏమేం కావాలో చెప్పమనండి. అలా చెప్తే జనం ఇవ్వరని వాళ్లంటే, ఆ పిల్ల పెద్దయ్యాక తన పెళ్లిచూపుల్లో ఆ వీడియో ఎవరో చూపిస్తే ఏం చెయ్యాలో కూడా వాళ్లనే అడగండి.

*ప్రశ్న: మా యూత్ అసోసియేషన్ వరద ప్రాంతంలో బియ్యం, దుప్పట్లు పంచింది. దాతలకి లెక్క చూపించాలి కదా, పంచుతున్న ఫొటోలు పెట్టకపోతే నమ్ముతారా?*

బస్తాలకి ఫొటో తీయండి, బస్తాకి సిగ్గుండదు. కొన్న కొట్టు బిల్లు, లారీ నంబరు, ఊరి పెద్ద సంతకం పెట్టండి. దుప్పటి ఒక చివర ఆమె, రెండో చివర మీరు నలుగురు, అందరూ కెమెరా వైపు తిరిగే ఫొటో మాత్రం మానేయండి. దుప్పటి ఆమెకి ఇచ్చాక కూడా మీరు వదలడం లేదు!

*ప్రశ్న: గ్రూపుల్లో వచ్చే వరద వీడియో పాతదో కొత్తదో ఎలా తెలుస్తుంది?*

చానళ్లే పాత దృశ్యాలు కలిపి చూపిస్తుంటే మామూలు జనం ఏం కనిపెడతారు చెప్పండి! ప్రకృతి విపత్తులు, పెద్ద ప్రమాదాల దృశ్యాల మీద అవి తీసిన తేదీ, సమయం వేయమని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2024 ఆగస్టులో టీవీ చానళ్లకి సూచన ఇచ్చింది. తేదీ లేని దృశ్యాన్ని నమ్మకండి. తెలంగాణ వీడియో అంటే బండ్ల నంబర్లు చూడండి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీఎస్ పోయి టీజీ వచ్చింది, కొత్త వీడియోలో ఒక్క టీజీ కూడా కనపడకపోతే అనుమానించండి. ప్రకాశం బ్యారేజీ అని పంపితే గేట్ల వరస చూడండి, 70 గేట్ల బ్యారేజీ అది. నాలుగు గేట్ల డ్యాముని చూపించి బెజవాడ అంటే ఎలా?

*ప్రశ్న: మీడియా హద్దు మీరుతోందని మీరు బాధపడుతున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస కూకటివేళ్లతో పోయాయి. ఢిల్లీ చానళ్లు చూడలేదు, మనవాళ్లు నాలుగు రోజులుండి పోయారు. అసలు రాకపోవడం మర్యాదా? — ఒక రైతు, వజ్రపుకొత్తూరు మండలం*

కాదు. ఈ వారం వచ్చిన ఉత్తరాలన్నిటిలో మీదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు దేశమంతా చూసింది. నగరం, విమానాశ్రయం, బీచ్ రోడ్డు. కెమెరాలు దిగడానికి హోటళ్లున్నాయి. తిత్లీ పలాస పక్కన తీరం దాటింది, పల్లెల మీద. మీడియాకి ఉద్దానం అంటే కిడ్నీ జబ్బు ఒక్కటే, ఇంకో కష్టానికి అక్కడ చోటు లేనట్టు చూస్తారు. పైగా మీ కష్టం కెమెరాకి దొరికేది కాదు. కూలిన ఇంటి ముందు ఏడుస్తున్న మనిషి ఒక నిమిషంలో తెలుస్తాడు. ఇవాళ మొక్క వేస్తే చేతికి కాయ రావడానికి ఆరేడేళ్లు పట్టే కొబ్బరితోట పోయినవాడి కష్టం ఒక షాట్‌లో ఎలా పడుతుంది? తోట పడిన రోజున ఇంట్లో ఇంకా గింజలుంటాయి. మూడో ఏడు కొడుకు చెన్నై రైలో హైదరాబాదు బస్సో ఎక్కినప్పుడు తెలుస్తుంది అసలు నష్టం. అప్పటికి ఏ చానల్‌కీ తిత్లీ పేరు గుర్తుండదు.

2021లో కూడా ఇదే జరిగింది. అన్నమయ్య డ్యామ్ కట్ట నవంబరు 19 తెల్లవారుజామున తెగి చెయ్యేరు నది పులపత్తూరు, తొగురుపేట ఊళ్ల మీదికి వచ్చినప్పుడు అందరూ వెళ్లారు. ఇసుక మేటలు వేసిన పొలాల్ని తర్వాత ఎంతమంది వెళ్లి చూశారు?

తుపాను తర్వాత మీడియా వెళ్లాల్సిన రోజులు నా లెక్కలో వేరు. పరిహారం జాబితా గోడకి అంటించిన రోజున వెళ్లాలి, ఎందుకంటే కౌలు రైతు పేరు అందులో లేదని ఆ రోజే బయటపడుతుంది. బడి తెరిచిన రోజున వెళ్లి హాజరుపట్టీలో ఎవరు తగ్గారో చూడాలి. బ్యాంకు నోటీసులు వచ్చే నెలలో వెళ్లాలి. ఏడాది నిండిన రోజున మాత్రం వెళ్లకపోయినా ఫర్వాలేదు. ఆ రోజు అందరూ పూలదండతో వస్తారు, అడగాల్సింది అడగరు.

మీ మండలంలో తిత్లీ పరిహారం ఇంకా తేలనివాళ్లు, కౌలుకి చేసి జాబితాలో లేనివాళ్లు సర్వే నంబరు, అప్పట్లో పెట్టిన అర్జీ నకలు పత్రిక చిరునామాకి పంపండి. మా శ్రీకాకుళం ప్రతినిధితో మాట్లాడాను. వచ్చే నెల పలాస వైపు వస్తానన్నాడు. కాగితాలు అందితే ముందు మీ ఊరికే వస్తాడు.